మూడో మునక

ఇప్పటికి నలభై ఒక్క చోట్లకు వెళ్ళి వచ్చాను. వాటిలో ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. ఎక్కడికి వెళ్ళానంటే కాగితం చూసి చెప్పగలను, అంతే. ఒకసారి ఇంటికొచ్చి చూసుకుంటే చెప్పుల సందుల్లో ఎర్రమట్టి ఉంది. ఇంకోసారి కొంగులో ఏదో ముళ్ళకాయ ఇరుక్కుని వచ్చింది. అది ఏ కొండదో, ఏ చెట్టుదో తెలియక రెండు రోజులు కిటికీలో పెట్టుకుని, మూడో రోజు ఊడ్చేశాను.

నా ఉద్యోగమే అది. పేరు నాంచారమ్మ, వయసు నలభై ఎనిమిది, హోదా వంతు యాత్రికురాలు. వినడానికి పెద్ద పదవిలాగే ఉంటుంది.

ఒకప్పుడు ప్రతి దేశానికీ ఒక పర్యాటక కార్యాలయం ఉండేది. దాని పనల్లా మా కొండలు చూడండి, మా సముద్రం చూడండి అని జనాన్ని లాక్కురావడమే. జనం వచ్చారు. కొండలు చెత్తకుప్పలయ్యాయి, సరస్సులు మురుగుకాలవలయ్యాయి. అప్పుడు తొమ్మిది దేశాల కార్యాలయాలు ఒక బల్ల చుట్టూ కూర్చున్నాయి. పెరూ, ఎస్టోనియా, భూటాన్, మనం, ఇంకా ఐదు. మూడేళ్ళు పోట్లాడుకున్నాయి. బాధ్యత గల యాత్ర అంటే ఏమిటో తేల్చడానికే మొదటి ఏడాది చాల్లేదు. చివరికి రెండు విషయాలు కుదిరాయి. ఒకటి అడుగుల లెక్క, అంటే ఏ చోట ఏడాదికి ఎన్ని పాదాలు ఆనవచ్చునో ఆ చోటే చెబుతుంది. రెండోది వంతు యాత్ర. అందరి బదులూ ఒక్కరు వెళ్ళివస్తారు.

తలకు పట్టీ కట్టుకుని నేను వెళతాను. చూస్తాను, వాసన పీలుస్తాను, నీళ్ళలో కాళ్ళు పెడతాను. వచ్చాక బందరులోని మా ప్రయోగశాలలో ఆ పట్టీలోంచి యాత్రను దింపుతారు. తొమ్మిది దేశాల్లో ఎవరు కోరితే వాళ్ళు తమ ఊరి పర్యాటక కార్యాలయంలో ఇరవై నిమిషాలు కూర్చుని దాన్ని ఎక్కించుకుంటారు. అది సినిమా చూసినట్టు ఉండదు. వెళ్ళొచ్చినట్టు ఉంటుంది. సముద్రం దగ్గరికి వెళ్ళని మనిషి పెదాలకు ఉప్పు తగులుతుంది.

కాకపోతే దింపిన జ్ఞాపకం నా దగ్గర మిగలదు. ఎందుకు మిగలదో మా డాక్టరమ్మ ఫాతిమున్నీసా చాలాసార్లు చెప్పింది. విస్తట్లో వడ్డించాక మళ్ళీ గిన్నెలోకి తియ్యలేం కదా అని నేను అర్థం చేసుకున్నాను. పోనీ అందరిలాగా నేనూ ఎక్కించుకుందామంటే అదీ కుదరదు. మన చేత్తో మనకి చక్కిలిగింత పుట్టదు చూడండి, అలాగే తన యాత్ర తన తలకి అంటుకోదు.

అందుకే ఈ ఉద్యోగానికి ఎవరూ లేని వాళ్ళని ఏరి తీసుకుంటారు. ప్రకటనలో మాత్రం మర్యాదగా, కుటుంబ బాధ్యతలు తక్కువగా ఉన్నవారికి ప్రాధాన్యం అని వేస్తారు. యాత్రలో మనసు ఖాళీగా ఉండాలి. ముఖ్యంగా మనుషుల పేర్లు తలుచుకోకూడదు.

"పేరొస్తే పేరు వెనకాల మనిషొస్తది నాంచారమ్మ గారూ. మనిషి వెనకాల ఇల్లంతా వచ్చేస్తది. అదంతా పట్టీలోకి ఎక్కుద్ది" అని డాక్టరమ్మ ప్రతిసారీ హెచ్చరించేది.

నా మనసులో పేర్లేముంటాయి అనుకునేదాన్ని నేను.

కిందటేడు పుష్యమాసంలో హంసలదీవి యాత్ర పడింది. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. మామూలుగా ఎవరినీ సొంత ప్రాంతానికి పంపరు. కానీ వెళ్ళవలసిన ఆయనకు జ్వరం తగిలింది. మాఘ పౌర్ణమికి జనం వచ్చేలోపు పని అయిపోవాలి.

"మీది దివిసీమే కదా. ఇబ్బందేమన్నా ఉంటదా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏముంటది డాక్టరమ్మా, నీళ్ళేగా" అన్నాను.

వెళ్ళాను, వచ్చాను. ఎప్పటిలాగే ఏమీ గుర్తులేదు. నాలుగు రోజుల సెలవిచ్చారు కాబట్టి ఇల్లు సర్దాను. మంచం కింద రేకుపెట్టె అడుగున పాత లంగాలు, వోణీలు మూట కట్టి ఉన్నాయి. సన్నటి పిల్లవి. నా కొలతలు కావు. ఎవరివో పెద్దమ్మ దాచి ఉంటుందిలే అనుకున్నాను. తల్లీతండ్రీ లేని నన్ను పెంచింది పెద్దమ్మే, ఆవిడ పోయి పదిహేనేళ్ళయింది. అదే వేళకి పాత బట్టలకు స్టీలు సామాన్లు అంటూ వీధిలో కేక వినబడింది. మూట ఇచ్చేసి ఒక బేసిను తీసుకున్నాను. రెండు బేసిన్లు అడిగి, వాడు ఒక్కటే ఇస్తానంటే బేరమాడాను కూడా.

మూడు వారాల తర్వాత డాక్టరమ్మ కబురు పెట్టింది. వెళ్ళేసరికి ఆవిడ బల్ల మీద ఉత్తరాల గుట్ట ఉంది. తొమ్మిది దేశాల కార్యాలయాల నుంచీ వచ్చినవి, తెలుగులోకి మార్చి అచ్చు తీసినవి. ఆవిడ నన్ను కూర్చోమని, తను నిలబడే అడిగింది.

"అలివేలు ఎవరండీ?"

"అలివేలు మంగమ్మా? అమ్మవారు."

"అమ్మవారు కాదు. మనిషి."

"నాకెవరూ తెలియదే" అన్నాను.

ఆవిడ సొరుగు తీసి పసుపుపచ్చ కాగితం ఒకటి నా ముందు పెట్టింది. పన్నెండేళ్ళ కింద ఉద్యోగంలో చేరినప్పుడు నేను నింపిన కాగితం. దస్తూరీ నాదే. తోబుట్టువులు అన్నచోట, ఒక చెల్లెలు, అలివేలు, పదిహేడో ఏట కామెర్లతో పోయింది అని రాసి ఉంది.

నేను ఆ వరస నాలుగుసార్లు చదివాను. ఎవరిదో రేషను కార్డు చదువుతున్నట్టే ఉంది. ఏడుపు రాలేదు. ఏడుపు రావడం లేదేమిటా అని మాత్రం చాలా భయం వేసింది.

ఉత్తరాలు చదివితే జరిగింది తెలిసింది. మా దివిసీమలో నీళ్ళలోకి దిగితే మూడు మునకలు వేస్తారు. మొదటిది తన పేరున, రెండోది పంపించిన వాళ్ళ పేరున, మూడోది రాలేని వాళ్ళ పేరున. పేరు చెప్పకుండా మునిగితే గేదె మునిగినట్టే అనేది పెద్దమ్మ. అది నేర్చుకున్నదని కూడా అనిపించదు. ముక్కు మూసుకోవడం ఎంతో అదీ అంతే. తొమ్మిది దేశాల వాళ్ళూ ఒకటే రాశారు. మొదట నా పేరు చెప్పుకుని మునిగాను, రెండోసారి నన్ను పంపినవాళ్ళ పేరున మునిగాను, మూడోసారి ఒక పేరు చెప్పాను, అప్పుడు గుండె పగిలిపోయింది అని. ముప్ఫై ఎనిమిది వేల మందికి అది అంటుకుంది. నా దగ్గర లేకుండా పోయింది.

పంచిపెట్టే ముందు పరీక్షకు ఎక్కించుకునే మనిషి ఒకరు ఉంటారు. మా నాగమల్లయ్య. ఏ రోజు ఎక్కించింది ఆ రోజే ఆయన తలలోంచి తీసేస్తారు కాబట్టి ఆయననడిగి లాభం లేదు. పుస్తకంలో రాసింది చూశాం. మూడు మునకలు, పద్ధతిగానే ఉంది అని రాసి సంతకం పెట్టాడు. ఆయనదీ దివిసీమే, నాగాయలంక.

"మునిగితే పేరు చెప్పరా అండీ? అందులో తప్పేముందనుకుని ఉంటాను" అన్నాడు పాపం, తలొంచుకుని.

అసలు యాత్ర కూడా లేదు. ఏ కార్యాలయమూ దాచుకుని రెండోసారి వాడుకోకూడదని, పంచిన రోజే దాన్ని చెరిపేయాలని తొమ్మిది దేశాల ఒప్పందంలో ఉంది. అంత జాగ్రత్తపరులు. ఆ పిల్ల ఇప్పుడు ఆ ముప్ఫై ఎనిమిది వేల తలల్లో తప్ప ఎక్కడా లేదు.

ఉత్తరాలు ఇంటికి తెచ్చుకున్నాను. పెరూలో ఒకావిడ రాసింది: రాత్రిళ్ళు పడుకుంటే నా పిక్కలకు చల్లటి పాదాలు ఆనుతాయని ఎదురుచూస్తున్నాను, ఆనవు. భూటాన్‌లో ఒక పంతులుగారు రాశారు: పంటు మీద రేవు దాటేటప్పుడు ఆ పిల్ల జనాన్ని పైకి లెక్కపెట్టేది, ఒకరు తక్కువ వస్తే మళ్ళీ మొదలుపెట్టేది, నాకు ఇప్పుడు తరగతిలో పిల్లల్ని ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకరు తక్కువే వస్తున్నారు. ఒకాయన భార్య కార్యాలయం మీద ఫిర్యాదు చేసింది, నిద్రలో ఎవరో అలివేలుని పిలుస్తున్నాడని. అది చదివి నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసింది.

బట్టలమూట గుర్తొచ్చింది అప్పుడే. సామాన్లవాడిని మూడు వీధుల అవతల పట్టుకున్నాను. బట్టలు ఏ వారానికి ఆ వారం బెజవాడ పోతాయమ్మా, అక్కడ పీలికలు చేస్తారు అన్నాడు. అవనిగడ్డ వెళ్ళి మా పాత వీధిలో మిగిలిన ముసలాయన్ని అడిగాను.

"మీరిద్దరుండేవారమ్మా. ఒక పిల్ల పోయింది. ఏ పిల్లో నాకిప్పుడు గుర్తులేదు" అన్నాడు ఆయన, నన్ను ఎగాదిగా చూస్తూ.

ఒంటరితనం నాకు కొత్తకాదు. ఒక పళ్ళెం, ఒక గ్లాసు, ఒక తాళంచెవి. దాన్ని ఎప్పుడూ పెద్ద బాధనుకోలేదు. కానీ తొమ్మిది దేశాల్లో ముక్కూమొహం తెలియని వాళ్ళు నా చెల్లెలి కోసం ఏడుస్తుంటే, నేనొక్కదాన్నే సుఖంగా అన్నం తింటున్నాను. దుఃఖం లేకపోవడం ఇంత దుఃఖంగా ఉంటుందని ఎవరు చెబితే మాత్రం నమ్ముతాం?

మార్చిలో తొమ్మిది కార్యాలయాలూ తెర మీద సమావేశమయ్యాయి. డాక్టరమ్మ పక్కన నన్నూ కూర్చోబెట్టారు. అందరూ నాకు విచారం తెలియజేశారు. భూటాన్ కార్యాలయం ఆయన అయితే కళ్ళు తుడుచుకున్నాడు, ఆయన కూడా ఎక్కించుకున్నాడట. సమావేశానికి అధ్యక్షురాలు పెరూ కార్యాలయం ఆవిడ. విషయం సూటిగా చెప్పింది. ఈ యాత్రను అందరి తలల్లోంచీ తీసేయాలి. తియ్యడానికి యాత్ర చేసిన మనిషి సంతకం కావాలి.

"తీస్తే అది ఎక్కడికి పోతుంది?" అని అడిగాను.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికీ పోదండీ. ఇంక ఉండదు."

"సంతకం పెట్టకపోతే?"

"మీ ఇష్టం. మిమ్మల్ని ఎవరూ బలవంతం పెట్టలేరు. నిబంధన అలా ఉంది" అంది అధ్యక్షురాలు. తర్వాత మెల్లిగా, "మా ఊళ్ళో ఒక అబ్బాయి చదువు మానేశాడు. కారణం అడిగితే, చెల్లెలు పోయిన ఇంట్లో చదువేమిటి అంటున్నాడు" అని చెప్పింది.

వారం రోజులు గడువిచ్చారు. ఆ వారం నేను పడ్డ బాధ రాయడం నా వల్ల కాదు. ఒక పూట, ఏ ముఖం పెట్టుకుని తీసేయమంటాను, అది నా చెల్లెలు, ఆ మాత్రం ఎక్కడో ఒకచోట ఉండనీ అనుకునేదాన్ని. మరో పూట చదువు మానేసిన ఆ కుర్రాడు గుర్తొచ్చేవాడు. వెళ్ళినచోట ఏమీ వదిలి రావద్దు అని మా కార్యాలయం గోడ మీద అడుగెత్తు అక్షరాల్లో ఉంటుంది. పన్నెండేళ్ళుగా దాని కిందనుంచే నడిచాను. కాగితం ముక్క వదల్లేదు, నీళ్ళ సీసా వదల్లేదు. చెల్లెలి చావు తీసుకెళ్ళి ముప్ఫై ఎనిమిది వేల మంది నెత్తిన పెట్టాను.

ఎనిమిదో రోజు సంతకం పెట్టాను. రెండు షరతులు పెట్టాను. తీసేసే ముందు ప్రతి ఒక్కరినీ అడగాలి, ఉంచుకుంటామంటే ఉంచాలి. తీయించుకునే వాళ్ళు ఇష్టమైతే ఆ పిల్ల గురించి ఒక్క ముక్క రాసిపెట్టి వెళ్ళాలి. తొమ్మిది కార్యాలయాలూ ఒప్పుకున్నాయి.

ఆరువందల ముప్ఫై మంది రాశారు. రోజుకు మూడు చొప్పున చదువుకున్నాను. ఎండ్రకాయలంటే భయమట. ఈల వేసేదట, ఆడపిల్ల ఈలేమిటని పెద్దమ్మ తిడితే పెరట్లోకి పోయి వేసేదట. తలదువ్వితే నిలవదట, జడ వంకరగా వచ్చేదట. ఎవరో పక్కింటి పిల్ల కబుర్లు విన్నట్టు విన్నాను. బాగుంది ఈ పిల్ల అనుకున్నాను కొన్నిసార్లు. అంతకుమించి దగ్గరికి రాలేదు.

ఉంచుకున్న వాళ్ళు మొదట్లో పందొమ్మిది మంది. నెలనెలా డాక్టరమ్మ చెప్పేది. నడివేసవికి పదకొండు. వానలు పడేసరికి నాలుగు. తప్పుపట్టడానికి లేదు, ఎవరి బతుకులు వాళ్ళవి. దసరా అయ్యాక ఒక్కరు మిగిలారు. ఎస్టోనియాలో ఒక దీవి మీద మార్తా అనే ఆవిడ, డెబ్బై ఏళ్ళు, రేవులో పడవ టిక్కెట్లు చించే ఉద్యోగం చేసి మానుకుంది.

ఆవిడ ఇంకో కోరిక కోరింది. హంసలదీవికి స్వయంగా వస్తానంది.

అడుగుల లెక్కలో ఆ ఏటి వంతు అప్పటికే అయిపోయింది. పైగా దరఖాస్తులో ప్రయాణం ఎందుకు అన్నచోట మూడే గళ్ళున్నాయి. విహారం, చదువు, వైద్యం. మార్తా మూడూ కొట్టేసి కింద చేత్తో ఏదో రాసింది. ఒక్క మాటకి అర్థం తేల్చడానికే ఏడాది కొట్టుకున్న తొమ్మిది కార్యాలయాలూ ఈసారి రెండు రోజుల్లో తేల్చాయి. మిగతా ఎనిమిది దేశాలూ హంసలదీవిలో తమ వచ్చే ఏటి వంతులో తలా కాస్త వదులుకున్నాయి. దరఖాస్తులో నాలుగో గడి చేర్చాయి. మన భాషలో దానికి ఏం పేరు పెట్టాలని డాక్టరమ్మ నన్నే అడిగింది.

"చావింటికి వస్తుంది కదండీ. పరామర్శ అని పెట్టండి" అన్నాను.

పుష్యమాసంలోనే వచ్చింది. తెల్లవారుతుండగా పాలకాయతిప్ప నుంచి ఇద్దరం ఇసుకలో నడిచాం. సన్నటి మనిషి, తెల్లటి పొట్టి జుట్టు. నా చెవిలో పెట్టుకున్న మీట ఆవిడ మాటల్ని తెలుగు చేసి చెబుతోంది. దారి నేను చూపించనక్కర్లేకపోయింది. ఆవిడకే తెలుసు.

"తువ్వాలు తెచ్చావా?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండా.

తెచ్చాను. స్టీలు బేసినులో పెట్టుకుని తెచ్చాను.

ఆవిడ నీళ్ళలోకి దిగింది. నదినీళ్ళు ఎక్కడ ఆగాయో సముద్రం ఎక్కడ మొదలైందో అక్కడ గీత కనిపిస్తుంది, ఆ గీత దగ్గర నిలబడింది. ముక్కు మూసుకుని ఒకటి మునిగింది. రెండోది మునిగింది. మూడోసారి ఆగి, గట్టిగా పేరు చెప్పింది. అలివేలు అన్న పేరు మా పెద్దమ్మ పలికినంత స్పష్టంగా పలికింది. నేను ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

బయటికి వచ్చి ఇసుకలో కూలబడింది. తల తుడిచాను. వణుకుతూనే మాట్లాడింది.

"ఆమెవి ఏమైనా ఉన్నాయా నీ దగ్గర? లేత పసుపు వోణీ ఒకటి ఉండాలి. అంచు దగ్గర ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ. రేకుపెట్టె అడుగున దాచాను."

బేసిను ఆవిడ ముందుకు జరిపాను. జరిగింది చెప్పాను. బేరమాడిన సంగతి కూడా దాచలేదు. ఆవిడ ఆ బేసినును రెండు చేతులతో ఒళ్ళోకి తీసుకుని ఏడవడం మొదలుపెట్టింది. చిన్నగా కాదు. ఒంటిమీద స్పృహ లేకుండా ఏడ్చింది. ముప్ఫై ఏళ్ళ కింద నేనూ అలాగే ఏడ్చి ఉంటాను.

"ఊరుకోండమ్మా" అన్నాను, వీపు నిమురుతూ. "ఏం చేస్తాం. ఆ పిల్లకి అంతే రాసిపెట్టి ఉంది. ఊరుకోండి."

నా చెల్లెలు పోయినందుకు నేను ఇంకొకరిని ఓదారుస్తున్నాను. మాటలు తడుముకోకుండా వచ్చాయి. పరాయి చావులకి అవే మాటలు ఎన్నిసార్లు చెప్పి ఉంటాం.

ఏడుపు సద్దుమణిగాక అడిగాను. "మీరెందుకు ఉంచుకున్నారు? అందరూ తీయించుకున్నారు కదా."

"నాకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎవరూ లేరు" అంది మార్తా. "డెబ్బై ఏళ్ళకి ఒక చెల్లెలు దొరికింది. చనిపోయిన చెల్లెలైతేనేం?"

సూర్యుడు పైకొచ్చాడు గానీ గాలికి ఇంకా చలి తగ్గలేదు. నేను ఆవిడ పక్కన ఇసుకలో నడుం వాల్చాను.

"చల్లటి పాదాలని ఎవరో రాశారు. ఆ పిల్ల ఎలా చేసేది?" అని అడిగాను.

"చూపిస్తాను, అటు తిరుగు" అంది.

తిరిగాను. చీర కుచ్చిళ్ళు కొంచెం జరిపి, సముద్రంలో తడిసిన తన రెండు పాదాలూ నా పిక్కలకు ఆనించింది. మంచుగడ్డల్లా ఉన్నాయి. ఒళ్ళంతా జలదరించింది.

"నువ్వు తిట్టేదానివి. అయినా కాలు తీసేదానివి కాదు" అంది నా వెనకనుంచి.

కళ్ళు మూసుకుని చాలాసేపు చూశాను. నాకు ఏమీ గుర్తు రాలేదు. కాలు మాత్రం తియ్యలేదు.